ఏడాదికి ఎనిమిది గంటలే ఎగరగలిగే పైలట్‌కు

ప్రశ్న: నాకు 37 ఏళ్లు. భీమవరంలో రొయ్యల మేత వ్యాపారం చేస్తాను. నాలుగేళ్ల క్రితం హైదరాబాదులోని ఒక ఫ్లయింగ్ క్లబ్బులో ప్రైవేటు పైలట్ లైసెన్సు తీసుకున్నాను. మొదటి ఏడాది ఎంతో ఉత్సాహంగా ఎగిరాను. తరువాత రొయ్య ధర పడిపోవడంతో ఈ ఖర్చు భారమైంది. విమానం అద్దె గంటకు పదిహేను వేల వరకు అవుతోంది. ఏడాదికి లక్షన్నరకు మించి దీనికి కేటాయించలేను. పోయినసారి ఏడు నెలల విరామం తరువాత వెళితే ఒక్క ల్యాండింగ్ కూడా సరిగా కుదరలేదు. ఆనాటి నుంచి వెళ్లాలనే అనిపించడం లేదు. ఈ విషయం మాట్లాడుకోవడానికి మా చుట్టుపక్కల మనిషి కూడా లేడు. ఇంత తక్కువ డబ్బుతో పైలట్‌గా కొనసాగడం సాధ్యమేనా, లేక మానేయడమే మంచిదా?
— ఒక పాఠకుడు, భీమవరం

సమాధానం: మీరు చెప్పిన అంకెలతోనే మొదలుపెడదాం. లక్షన్నరలో ముప్పై వేలు రైలు ఛార్జీలకూ, వైద్య పరీక్షకూ, చిల్లర ఖర్చులకూ పక్కన పెడితే మిగిలేది ఎనిమిది గంటల అద్దె. ఎనిమిది గంటలు చాలా తక్కువేనని ఒప్పుకోవాలి. అయినా ఒకే రకం విమానాన్ని, పగటిపూట, వాతావరణం బాగున్న రోజున, తెలిసిన రన్‌వే మీద నడిపే పైలట్‌గా నిలబడడానికి ఆ ఎనిమిది గంటలు చాలుతాయి. అందుకు రెండు షరతులున్నాయి. ఆ గంటలను మీరు పంచుకునే తీరు మారాలి. విమానం ఎక్కకుండా నేర్చుకోగలిగినదంతా భీమవరంలోనే, డబ్బు ఖర్చు లేకుండా, వారం వారం చేయాలి. ఈ రెండవది కుదిరితే పోయిన ఉత్సాహం కూడా తిరిగి వస్తుందని నా నమ్మకం. ఎందుకంటే మీ ఉత్తరం చదివితే మీకు విసుగు పుట్టింది విమానం మీద కాదని, రెండు ప్రయాణాల మధ్య గడిచిన ఏడు ఖాళీ నెలల మీదనని తెలుస్తూనే ఉంది.

చేయి తప్పడం గురించి మీరు సిగ్గుపడనక్కరలేదు. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ 1983లో వెలువరించిన ఒక అధ్యయనంలో, లైసెన్సు పొందిన ప్రైవేటు పైలట్లను 8, 16, 24 నెలల తరువాత మళ్లీ విమానం ఎక్కించి పరీక్షించారు. వారి నైపుణ్యం గణనీయంగా తగ్గిందన్న విషయం ఎవరైనా ఊహించగలిగినదే. ఆలోచించవలసింది మరొకటి ఉంది. తమలో ఏ నైపుణ్యం నిలిచింది, ఏది జారిపోయింది అని ఆ పైలట్లు వేసుకున్న అంచనాలు పరీక్ష ఫలితాలతో సరిగా కలవలేదు. విమానాన్ని అదుపులో ఉంచే చేతి నేర్పు కన్నా, ఏ సమయంలో ఏది గమనించాలి, ఏది ఎప్పుడు చేయాలి అనే క్రమమే ఎక్కువగా దెబ్బతింది. మీకు ల్యాండింగ్ కుదరలేదంటే నేల తాకే ఆ నాలుగు సెకన్లలో మీ చేయి తప్పిందని మీరు అనుకుంటూ ఉంటారు. నా అంచనా ప్రకారం తప్పు అంతకు మూడు నిమిషాల ముందు, డౌన్‌విండ్‌లో (దిగే ముందు రన్‌వేకు సమాంతరంగా, ఎదురు దిశలో వెళ్లే దశలో) మొదలై ఉంటుంది. థ్రాటిల్ తగ్గించడం కాస్త ఆలస్యమైతే ఎత్తు మిగిలిపోతుంది, ఆ ఎత్తును వదిలించుకోవడానికి ముక్కు దించితే వేగం పెరుగుతుంది, రన్‌వేకు ఎదురుగా దిగివచ్చే ఆఖరి దశ అయిన ఫైనల్‌లో ఐదు నాట్ల (గంటకు సుమారు తొమ్మిది కిలోమీటర్ల) వేగం ఎక్కువైనా సెస్నా వంటి చిన్న విమానం రన్‌వే మీద దిగనని మొరాయిస్తూ తేలుతూ పోతుంది. ఈ క్రమాన్ని ఇంట్లో కుర్చీలో కూర్చుని సరిచేసుకోవచ్చు. దానికి గంటకు పదిహేను వేలు పోయనక్కరలేదు.

ఇక గంటలను పంచుకోవడం. ఏడాదిలో రెండుసార్లు వెళ్లి నాలుగేసి గంటలు ఎగరడం కన్నా, ఆరేడు వారాలకు ఒకసారి వెళ్లి ఒక్కొక్క గంట ఎగరడమే మేలు. ప్రయాణ ఖర్చు పెరుగుతుంది, నిజమే. ఆ పెరిగిన ఖర్చుకు ఫలితం ఉంటుంది. రెండవ పంట దాళ్వాకు కాలువ నీరు వంతుల వారీగా వచ్చే ఊరిలో ఉండే మీకు ఇది వివరించనక్కరలేదు. చేనికి వేళకు అందిన తడి పనికివస్తుంది, నెలల తరబడి ఎండగట్టి ఒకేసారి ముంచిన నీరు అంతగా పనికిరాదు. ఎనిమిది తేదీలనూ జనవరిలోనే క్యాలెండరులో రాసి క్లబ్బుకు చెప్పండి. వర్షాకాలంలో ఒకటి రెండు తేదీలు మబ్బులకు పోతాయి కనుక, నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఒక తేదీ అదనంగా పెట్టుకోండి. ఏ రెండు ప్రయాణాల మధ్యా ఎనిమిది వారాలు దాటనివ్వకండి. దాటితే తరువాతి గంట తప్పనిసరిగా ఇన్‌స్ట్రక్టర్‌తోనే అని మీకు మీరే నియమం పెట్టుకోండి. క్లబ్బులు కూడా విరామం తరువాత ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చుని పరీక్షించే చెక్ ఫ్లైట్ అడగడం మామూలే. దాన్ని అవమానంగా తీసుకోకండి.

నరసాపురం వైపు నుంచి హైదరాబాదు వెళ్లే రాత్రి రైలెక్కి, తెల్లవారి దిగి, నేరుగా విమానం దగ్గరకు వెళ్లే అలవాటు మీకుంటే మానుకోండి. రైలులో సగం నిద్రపోయిన మనిషి ఉదయం ఏడింటికి విమానానికి బాధ్యుడైన పైలట్ ఇన్ కమాండ్‌గా సంతకం చేయడం నాకు నచ్చదు. ముందురోజే చేరి ఎవరింట్లోనైనా పడుకోండి. కూకట్‌పల్లిలో బంధువులు లేని భీమవరం కుటుంబం ఉంటుందని నేననుకోను. అద్దెను ఏ లెక్కన వేస్తారో కూడా క్లబ్బులో అడిగి తెలుసుకోండి. చక్రాల కింది అడ్డుకట్టలు తీసినప్పటి నుంచి లెక్క వేసే చోట, రద్దీ వేళలో రన్‌వే ముందు ఆరు నిమిషాలు ఆగితే మీ లెక్కన పదిహేను వందలు అక్కడే కరిగిపోతాయి. విద్యార్థుల రద్దీ లేని వేళ ఏదో కనుక్కుని ఆ వేళకే విమానం అడగండి.

ఆ గంటలో ఏం చేయాలో ఇంటి దగ్గరే కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఊరి మీద ఊరికే తిరిగి రావడానికి మీ దగ్గర డబ్బు లేదు. మొదటి ఇరవై నిమిషాలు ప్రాక్టీసు ప్రాంతంలో నెమ్మది వేగంతో నడపడం, స్టాల్ (రెక్కలు విమానాన్ని మోయలేని స్థితి) నుంచి తేరుకోవడం, 45 డిగ్రీల ఒంపుతో ఇరువైపులా మలుపులు. తరువాత వచ్చి నాలుగైదు సర్క్యూట్లు, అంటే పైకి లేచి రన్‌వే పక్కగా చుట్టి వచ్చి దిగే చుట్లు. వాటిలో ఒకటి ఫ్లాప్స్ (నెమ్మదిగా దిగడానికి రెక్కల వెనుక అంచున దించే పలకలు) లేకుండా, ఒకటి రన్‌వే మొదట్లోనే కచ్చితమైన చోట దిగేటట్టు, ఒకటి గో అరౌండ్, అంటే దిగకుండా మళ్లీ పైకి పోవడం. గో అరౌండ్‌ను చాలామంది డబ్బు దండగ అనుకుంటారు, ఎందుకంటే అందులో ల్యాండింగ్ లెక్కకు రాదు. నా దృష్టిలో తక్కువ గంటలు ఎగిరే పైలట్‌కు అన్నిటికన్నా విలువైన అభ్యాసం అదే. దిగడం కుదరడం లేదని ఒప్పుకుని, వెనుకాడకుండా పూర్తి పవర్ ఇచ్చి పైకి పోగలిగిన మనిషికి చెడ్డ ల్యాండింగ్ పెద్ద ప్రమాదంగా మారదు. ప్రతి మూడవ గంట ఇన్‌స్ట్రక్టర్‌తో ఎగరండి. ఇంజను ఆగినట్టు నటించే అభ్యాసం అప్పుడే చేయండి.

ఆ అభ్యాసం మాట వచ్చింది కనుక, మీరు ఉన్న డెల్టా ఇందుకు మంచి బడి. వృత్తి రీత్యా మీరు రోజూ ఆకివీడు, ఉండి, కాళ్ల, వీరవాసరం వైపు చెరువుల గట్ల మీద తిరుగుతూనే ఉంటారు. ఇంజను ఆగితే విమానం ఎక్కడ దించాలి అన్న ప్రశ్నను తలలో పెట్టుకుని ఆ నేలనే మళ్లీ చూడండి. సెస్నా 172 గాలి లేనప్పుడు వెయ్యి అడుగుల ఎత్తుకు సుమారు ఒకటిన్నర నాటికల్ మైళ్లు, అంటే రెండున్నర కిలోమీటర్ల పైచిలుకు జారుతూ పోగలదు. మూడు వేల అడుగుల్లో ఉంటే ఎనిమిది కిలోమీటర్లు. ఉపగ్రహ పటంలో ఆకివీడు చుట్టూ ఎనిమిది కిలోమీటర్ల వృత్తం గీసి, అందులో దిగదగిన చోటు వెతకండి. సగానికి పైగా చెరువులే కనిపిస్తాయి. నీటిలో దిగడం ఒక పద్ధతి, కాని రొయ్యల చెరువు నది వంటిది కాదు. చుట్టూ గట్టు, లోపల ఏరేటర్లు, వాటికి కరెంటు మోసుకొచ్చే స్తంభాలు, తీగలు ఉంటాయని మీకన్నా బాగా తెలిసినవారు లేరు. పై నుంచి తీగలు కనబడవు, స్తంభాలు మాత్రమే కనబడతాయి. రెండు స్తంభాలు కనిపిస్తే వాటి మధ్య తీగ ఉందనే అనుకోవాలి. రోడ్లు కూడా అంతే. మన వైపు రోడ్డుకు ఒక పక్క కాలువ, మరొక పక్క కొబ్బరిచెట్లో స్తంభాలో ఉండని చోటు అరుదు.

పొలాలు కాలాన్ని బట్టి మారతాయి. తొలి పంట సార్వా నాట్లు పడిన జూలై, ఆగస్టు నెలల్లో పచ్చగా, చదునుగా, ఆహ్వానిస్తున్నట్టు కనిపించే మడి నిజానికి నీరు నిండిన బురద. ముందు చక్రం అందులో దిగబడితే విమానం పల్టీ కొడుతుంది. కోతలై నేల గట్టిపడిన తరువాత అదే మడి మీకు మేలు చేస్తుంది. మళ్లీ దాళ్వా నాట్లతో బురద. ఏప్రిల్ కోతల తరువాత, కాలువలు కట్టేసి నేల నెర్రెలిచ్చే మే నెల వచ్చేసరికి డెల్టాలో ఇంజను ఆగిన పైలట్‌కు దిగడానికి ఎక్కువ చోట్లు దొరుకుతాయి, అయితే గట్లు మాత్రం ఎప్పుడూ ఉంటాయి కనుక గట్లకు అడ్డంగా కాక పొడవుగా ఉన్న మడిని వెతకాలి. కోనసీమలో కొబ్బరితోటల మధ్య ఈ లెక్కలేవీ సాగవు. అక్కడ గోదావరి పాయల్లో ఎండాకాలం తేలే ఇసుక మేటలో, అంతర్వేది వైపు తీరమో చూసుకోవాలి. తీరంలో పొడి ఇసుక మెత్తన, అలల తడి తగిలిన అంచు గట్టి. తప్పనిసరై బురద మడిలోనే దిగవలసి వస్తే ఫ్లాప్స్ పూర్తిగా దించి, వీలైనంత తక్కువ వేగంతో, ముక్కు ఎత్తి పట్టి, నేల తాకకముందే తలుపుల గడియ తీసి ఉంచాలి. తలుపు చట్రం వంగి బిగుసుకుపోతే లోపలి మనిషి బయటకు రాలేడు కనుక చెక్‌లిస్టులో ఆ మాట ఉంటుంది. ఈ ఆలోచన అంతా మోటారు సైకిలు మీద వెళుతూ చేయవచ్చు. హైదరాబాదు చుట్టూ రాళ్లగుట్టలు, చెరువులు, లేఅవుట్లు ఉంటాయి, అక్కడి లెక్క వేరు. కాని నేలను పైలట్ కన్నుతో చూడడం ఒకచోట అలవాటైతే మరొకచోటికి మీ వెంట వస్తుంది.

వాతావరణం కూడా మీకు ఉచితంగానే దొరుకుతుంది. మన దేశంలో పదివేల అడుగుల లోపు విజువల్ నియమాల (కంటితో బయటకు చూస్తూ నడిపే నియమాల) కింద ఎగరడానికి కనీసం 5 కిలోమీటర్ల దృశ్యమానత కావాలి. మబ్బుకు పక్కకు 1500 మీటర్లు, పైకీ కిందికీ 1000 అడుగుల దూరం ఉండాలి. ఈ అంకెలు పరీక్షకు బట్టీ పట్టిన వారెందరో ఉన్నారు. 5 కిలోమీటర్లు కంటికి ఎలా ఉంటుందో చెప్పగలిగేవారు తక్కువ. మీ మేడ మీదికి వెళ్లి, పటంలో దూరం కొలిచి, రెండు కిలోమీటర్లకు ఒక గుడి గోపురం, ఐదింటికి ఒక సెల్ టవర్, ఎనిమిదింటికి ఒక వాటర్ ట్యాంకు గుర్తు పెట్టుకోండి. రోజూ ఉదయం ఏడింటికి ఏది కనిపిస్తోంది, గాలి ఎటు నుంచి వీస్తోంది, మబ్బు అడుగు ఎంత ఎత్తున ఉంది అని మీ అంచనా ఒక పుస్తకంలో రాసి, ఆ తరువాతే రాజమండ్రి, గన్నవరం విమానాశ్రయాల మెటార్ (వాతావరణ నివేదిక) చూడండి. ముందు చూసి తరువాత రాస్తే ఇందులో ఫలితం లేదు. జనవరిలో పొలాల మీద పేరుకునే పొగమంచు ఎన్నింటికి విడుతుందో, వేసవి మధ్యాహ్నం సముద్రపు గాలి ఏ వేళకు భీమవరం చేరుతుందో, ఏప్రిల్, మే నెలల్లో ఈదురుగాలికి ముందు ఆకాశం ఏ రంగుకు తిరుగుతుందో ఏడాది తిరిగేసరికి మీకు తెలిసిపోతుంది. ఇలా ఏడాది రాసిన మనిషికి, విమానం దగ్గరకు వెళ్లిన రోజున ఎగరాలా వద్దా అని తేల్చుకోవడానికి ఇన్‌స్ట్రక్టర్ ముఖం చూడవలసిన పని ఉండదు.

ఈ పుస్తకంలోనే ఉష్ణోగ్రతనూ, గాలిలో తేమనూ కూడా రాయండి. మీరు నడిపేది ఇంధనాన్ని గాలితో కలిపే కార్బ్యురెటర్ ఉన్న ఇంజను అయితే (సెస్నా 152లో, పాత 172ల్లో అదే ఉంటుంది) ఈ రెండు అంకెలూ ముఖ్యం. ఉక్కపోత దేశంలో మంచు గడ్డ కట్టడమేమిటని మనవాళ్లు కొట్టిపారేస్తారు. కార్బ్యురెటర్ ఇరుకు గొంతులో గాలి వేగం పెరిగి, ఇంధనం ఆవిరయ్యేటప్పుడు లోపలి ఉష్ణోగ్రత ముప్పై డిగ్రీలకు పైగా పడిపోగలదు. బయట 21 డిగ్రీల కన్నా తక్కువ, తేమ 80 శాతం కన్నా ఎక్కువ ఉన్నప్పుడు ఈ ప్రమాదం బాగా ఎక్కువని ఎఫ్‌ఏఏ చెబుతుంది. 38 డిగ్రీల వేడిలో కూడా తగినంత తేమ ఉంటే ఇది అసాధ్యం కాదట. సంక్రాంతి నాటి తెల్లవారుజామున భీమవరం గాలి ఎలా ఉంటుందో ఒకసారి ఈ అంకెల పక్కన పెట్టి చూడండి. దిగేటప్పుడు పవర్ తగ్గించే ముందు కార్బ్యురెటర్ హీట్ (లోపలికి వేడి గాలి పంపే మీట) లాగడం ఊరికే చెక్‌లిస్టు తంతు కాదని అప్పుడు తెలుస్తుంది.

వేడి మరొక పాఠం. ప్రామాణిక ఉష్ణోగ్రతకు మించిన ప్రతి డిగ్రీకి డెన్సిటీ ఆల్టిట్యూడ్ (గాలి పలుచదనాన్ని బట్టి విమానానికి తోచే ఎత్తు) సుమారు 120 అడుగులు పెరుగుతుంది. సముద్ర మట్టానికి 150 అడుగుల ఎత్తున ఉన్న మధురపూడి (రాజమండ్రి విమానాశ్రయం) రన్‌వే మీద రోహిణీ కార్తెలో 42 డిగ్రీల మధ్యాహ్నం విమానం సుమారు 3,400 అడుగుల ఎత్తున ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. సుమారు 1,750 అడుగుల ఎత్తున ఉన్న హైదరాబాదులో 40 డిగ్రీలకే ఆ అంకె ఐదు వేలు దాటుతుంది. మీ విమానం మాన్యువల్‌లోని టేకాఫ్ పట్టిక తీసి, జనవరి ఉదయానికీ మే మధ్యాహ్నానికీ కావలసిన రన్‌వే పొడవును లెక్కకట్టి పక్కపక్కన రాయండి. మే తేదీని ఉదయం ఆరున్నరకు మార్చుకోమని మీకు మరెవరూ చెప్పనక్కరలేదు.

కుర్చీలో కూర్చుని ఎగరడం గురించి పైన ఒక మాట అన్నాను. కాక్‌పిట్ చిత్రాన్ని పెద్దదిగా ముద్రించి గోడకు అంటించి, వారానికి రెండుసార్లు ఒక సర్క్యూట్ మొత్తాన్ని చేతులు కదుపుతూ, రేడియో మాటలు పైకి అంటూ, నిజంగా పట్టే సమయం తీసుకుని నడపండి. మొదట్లో ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి. కంప్యూటర్ సిమ్యులేటర్ మార్గం కట్టడానికీ, పరికరాలు చదవడానికీ బాగా పనికివస్తుంది. ల్యాండింగ్‌కు మాత్రం దాన్ని నమ్మకండి. తెర మీద చూపు పరికరాల మీదనే నిలిచిపోయే అలవాటు అవుతుంది, నిజమైన రన్‌వే మీద చూపు దూరంగా, రన్‌వే చివర ఉండాలి. చదువుకు కూడా పెద్దగా ఖర్చు లేదు. ఎఫ్‌ఏఏ తన శిక్షణ పుస్తకాలను ఉచితంగా అందుబాటులో ఉంచుతుంది. మన దేశంలో ప్రమాదాలను విచారించే ఏఏఐబీ తుది నివేదికలు కూడా ఎవరైనా చదవవచ్చు. నెలకు ఒక నివేదిక చదివి, ఆ పైలట్ తిరిగి రాగలిగిన చివరి క్షణం ఏది అని మీ పుస్తకంలో ఒక్క వాక్యం రాయండి.

కాగితాల సంగతి క్లుప్తంగా చెబుతాను. వైద్య ధ్రువపత్రం గడువు, లైసెన్సు గడువు, ఇంగ్లీషు భాషా ప్రావీణ్యం గడువు ఒకే చోట రాసి పెట్టుకోండి. భాషా పరీక్షలో నాలుగవ స్థాయి వచ్చినవారికి మూడేళ్లకు, ఐదవ స్థాయి వారికి ఆరేళ్లకు మళ్లీ పరీక్ష ఉంటుంది, ఆరవ స్థాయికి ఉండదు. లైసెన్సు రెన్యువల్‌కు కావలసిన ఇటీవలి అనుభవాన్ని మన పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ప్రస్తుత నిబంధనల్లోనే చూసుకోండి, క్లబ్బు క్యాంటీన్‌లో ఎవరో చెప్పిన మాట మీద ఆధారపడకండి. డబ్బు లేదని వైద్య పరీక్షను మాత్రం వాయిదా వేయకండి. అది దాటిపోయిన రోజున మీ ఎనిమిది తేదీలూ ఒకేసారి పోతాయి.

మీ వంటి వారికి మరొక చిక్కు ఎదురవుతుంది. ఊళ్లో పైలట్ అన్న పేరు వచ్చాక, మేనమామో బావమరిదో తనను ఒకసారి ఎక్కించమంటాడు, పెట్రోలు ఖర్చు తాను పెట్టుకుంటానంటాడు. ప్రైవేటు లైసెన్సు మీద ప్రతిఫలం తీసుకుని ఎగరడం కుదరదు, కనుక డబ్బు మాట వచ్చిన దగ్గరే ఆపేయండి. డబ్బు లేకుండా ఎక్కించినా ఒక కట్టుబాటు అవసరం. అమెరికాలో ప్రయాణికుణ్ణి ఎక్కించుకోవాలంటే గడిచిన 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగులు చేసి ఉండాలి. ఎనిమిది గంటల పైలట్‌కు నేనైతే ఇంకా బిగించి చెబుతాను. గడిచిన 30 రోజుల్లో ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చుని సరేననకపోతే మీ శ్రీమతినీ పిల్లలనూ ఎక్కించుకోకండి. ఇంట్లో ఈ ఖర్చు మీద అభ్యంతరం ఉంటే కూడా ఈ కట్టుబాటు వారికి చెప్పండి. లక్షన్నర ఎక్కడికి పోతోందో చూపే లెక్క పుస్తకం, ఎప్పుడు ఎగరకూడదో చెప్పే నియమాల కాగితం, ఈ రెండూ కనిపించే చోట ఉంటే గొడవ సగం తగ్గుతుందని నా అనుభవం.

ఇప్పుడు ఉత్సాహం మాట. లైసెన్సు చేతికి వచ్చేదాకా ముందు ఎప్పుడూ ఒక పరీక్ష ఉంటుంది. వచ్చాక ఏ పరీక్షా ఉండదు, కనుక చాలామంది రెండవ ఏటికే చల్లబడతారు. మీరు ఏడాదికి ఒక ప్రయాణాన్ని గురిగా పెట్టుకోండి. హైదరాబాదు నుంచి రాజమండ్రికి పటం మీద గీత గీస్తే ఖమ్మం, సత్తుపల్లి దాదాపు గీత కిందే వస్తాయి, జంగారెడ్డిగూడెం కాస్త పక్కన ఉంటుంది, ఆ తరువాత గోదావరి. దూరం 190 నాటికల్ మైళ్ల పైచిలుకు, సెస్నా 172లో రెండు గంటలకు కాస్త తక్కువ. రాకపోకలు మీరొక్కరే చేస్తే ఏడాది గంటల్లో సగం పోతాయి. మీవంటి మరొక లైసెన్సుదారుతో జత కలిసి, ఒకరు వెళ్లేటప్పుడు, మరొకరు వచ్చేటప్పుడు నడిపితే ఎవరి అద్దె వారిది, ఎవరి గంటలు వారి లాగ్‌బుక్‌లో. మాట్లాడుకోవడానికి మనిషి లేడన్న మీ కొరత కూడా దానితో తీరుతుంది. క్లబ్బు నోటీసు బోర్డు మీద ఒక చీటీ పెడితే అటువంటి మనిషి దొరుకుతాడు. డబ్బు చాలక ఆగిపోయిన పైలట్లు మీరనుకునే కన్నా ఎక్కువమంది ఉన్నారు.

ఆ ప్రయాణానికి ఏడాది పొడవునా ఇంట్లోనే తయారవండి. గాలి లెక్కలు, ఇంధనం లెక్క, మధ్యలో దిగడానికి ప్రత్యామ్నాయ విమానాశ్రయం, నోటామ్‌లు (పైలట్లకు ఇచ్చే అధికారిక ప్రకటనలు), ఫ్లైట్ ప్లాన్, వైమానిక రక్షణ అనుమతి అయిన ఏడీసీ నంబరు, విమాన సమాచార కేంద్రం ఇచ్చే ఎఫ్‌ఐసీ నంబరు, వీటిలో ప్రతిదీ ఒక్కొక్క ఆదివారం పని. విజువల్ నియమాల కింద సూర్యాస్తమయం తరువాత 20 నిమిషాలు దాటి గాలిలో ఉండకూడదు కనుక తిరుగు ప్రయాణానికి ఆఖరి వేళ ఏదో ముందే రాసుకోండి. రాజమండ్రిలో దిగే విమానాలు వాడే జెట్ ఇంధనం మీ ఇంజనుకు పనికిరాదు. అక్కడ ఆవ్‌గ్యాస్ (చిన్న విమానాల పెట్రోలు) దొరుకుతుందని ముందే ఖాయపరచుకోవాలి, లేదా రానూపోనూ సరిపడా, పైన నిల్వ కూడా ఉండేటట్టు లెక్క తేలాలి. అది తేలకపోతే ఆ ఏడాది ప్రయాణం ఖమ్మం మీదికి వెళ్లి వెనుదిరగడంతో ముగించినా తప్పు లేదు.

మానేయడం గురించి కూడా అడిగారు. ఒక ఏడాది లక్షన్నర కూడా దొరకకపోతే, ఏడాదికి రెండు గంటలు ఎగిరి పైలట్‌నని అనిపించుకోవడం కన్నా పూర్తిగా ఆపడమే నయం. అప్పుడు క్లబ్బుకు ఆ మాట చెప్పండి, లాగ్‌బుక్‌లో చివరి వరుస కింద తేదీ వేసి గీత గీయండి, వాతావరణ పుస్తకం మాత్రం ఆపకండి. తిరిగి వచ్చే ఏడాదికి మొదటి నాలుగు గంటలు ఇన్‌స్ట్రక్టర్‌తోనే అని ఇప్పుడే లెక్క వేసుకుని, ఆ అరవై వేలూ, ఇన్‌స్ట్రక్టర్ రుసుమూ చేతిలో పడిన తరువాతే మొదటి తేదీ అడగండి.